వాస్కోడగామా వల్లే వెనిస్ పడిపోయిందా? అసలు ఆ ఊరి కథేంటి?

మీరు అడిగింది ఇదీ: "స్కూల్లోనూ, గ్రూప్స్ కోచింగ్‌లోనూ ఒకటే చెప్పారు. 1453లో తురుష్కులు కాన్‌స్టాంటినోపుల్ పట్టుకున్నారు, 1498లో వాస్కోడగామా కాలికట్‌కి సముద్రమార్గం కనిపెట్టాడు, దాంతో వెనిస్ పని అయిపోయింది అని. కానీ అక్కడి పెద్ద పెద్ద కట్టడాల్లో చాలావాటి తేదీలు చూస్తే 1500 తర్వాతే ఉన్నాయి. ఏది నిజం? అసలు నీళ్లలో ఊరెందుకు కట్టారు? మే నెలలో అమ్మానాన్నలతో వెళ్తున్నాం. ఒక్క రోజే టైముంది."

ముందు సూటిగా జవాబు. గామా వెనిస్‌ని కూల్చలేదు. ఆయన కాలికట్‌లో దిగాక ఆ రిపబ్లిక్ ఇంకో 299 ఏళ్లు నడిచింది. మొదట్లో దెబ్బ తగిలిన మాట నిజమే, కానీ కోలుకుంది. 1560ల నాటికి వెనిస్‌కి వచ్చే మిరియాలు పోర్చుగీసువాళ్లు రాకముందు వచ్చినన్ని ఉండేవి. అసలు దెబ్బలు చాలావరకు 1600 తర్వాత తగిలాయి. అవి కొట్టింది డచ్చివాళ్లు, ఇంగ్లీషువాళ్లు, రెండు ప్లేగులు, ఒక పాతికేళ్ల యుద్ధం. ఆఖరి దెబ్బ 1797లో నెపోలియన్‌ది. ఇక ఊరు ఖాళీ అవడం అంటారా, అది మన కళ్ల ముందే జరుగుతోంది. దాని గురించి చివర్లో చెబుతాను.

నేను ప్రొఫెసర్‌ని కాదు. పదిహేనేళ్లకు పైగా తెలుగు గ్రూపుల్ని యూరప్ తిప్పే టూర్ మేనేజర్‌ని. ఇటలీలో ఊరు చూపించేటప్పుడు లైసెన్సున్న లోకల్ గైడే మాట్లాడాలి. బస్సులో మాత్రం మైకు మన చేతిలోనే ఉంటుంది. మొదటి నాలుగైదేళ్లు నేనూ మీ కోచింగ్ సెంటర్ కథే చెప్పాను. ఒకసారి రియాల్టో వంతెన మెట్ల మీద నిలబడి ఇంగ్లీషులో అదే కథ ఎవరికో చెబుతుంటే, మా లోకల్ గైడు, అరవై దాటిన ఆవిడ, పూర్తిగా విని "మీరు నిలబడ్డ వంతెన ఎప్పుడు కట్టారో తెలుసా?" అంది. తెలీదన్నాను. 1588 నుంచి 1591 దాకా కట్టారట. "తొంభై ఏళ్ల క్రితం దివాలా తీసిన ఊరు ఇంత రాతి వంతెన కడుతుందా?" అని నవ్వింది. గ్రూపంతా నా మొహం చూశారు. ఆ రాత్రి హోటల్ రూమ్‌లో మొదలైంది నా చదువు.

నీళ్లలో ఎందుకు కట్టారు?

భయంతో. అంతకంటే పెద్ద కారణం లేదు. ఇటలీ ఈశాన్య మూలన రోమన్ సామ్రాజ్యం బలహీనపడ్డాక ఒకరి తర్వాత ఒకరు దండెత్తి వచ్చారు. 452లో హూణుల రాజు అట్టిలా అక్విలేయా నగరాన్ని నేలమట్టం చేశాడు. 568లో లొంబార్డులు దిగారు. గుర్రాల మీద వచ్చేవాడికి బురద, లోతు తెలియని నీళ్లు అడ్డం. మన పులికాట్ చూసినవాళ్లకు వెంటనే అర్థమవుతుంది: సముద్రానికి, నేలకు మధ్య పల్చటి ఉప్పునీటి సరస్సు, మధ్యలో చిన్న చిన్న లంకలు, పడవ ఎటు పోతే ఇరుక్కోదో స్థానికుడికి మాత్రమే తెలుసు. జనం అక్కడికి పారిపోయారు. 421 మార్చి 25న ఊరు పుట్టిందని వెనిస్‌వాళ్లు పండగ చేసుకుంటారు గానీ, అది తర్వాత అల్లిన కథ. ఒక ముహూర్తం పెట్టి కట్టిన ఊరు కాదు, వందా నూటయాభై ఏళ్లపాటు వలసలతో ఏర్పడిన ఊరు.

మొదట్లో వాళ్ల బతుకు ఎలా ఉండేదో చెప్పే ఒక ఉత్తరం మిగిలింది. 537 ప్రాంతంలో రవెన్నా నుంచి కాసియోడోరస్ అనే పెద్ద అధికారి రాసింది. మీ ఇళ్లు నీటిపక్షుల గూళ్లలా ఉన్నాయి, ఇంటి గోడలకి పశువుల్ని కట్టినట్టు పడవలు కట్టుకుంటారు, ఉన్నవాడూ లేనివాడూ తినేది ఒకే చేప అంటాడు. ఇంకో మాట కూడా అంటాడు: మీ సేద్యమంతా ఉప్పులోనే ఉంది, బంగారం వద్దనేవాడు ఉండొచ్చు గానీ ఉప్పు వద్దనేవాడు ఉండడు అని. నా దృష్టిలో వెనిస్ చరిత్ర మొత్తానికి తాళంచెవి ఆ ఉత్తరం. గజం పొలం లేదు. గింజ పండదు. ఉన్నదల్లా ఉప్పు మడులు, పడవలు. తినాలంటే అమ్మాలి, అమ్మాలంటే తిరగాలి. మిగతా ఇటలీ నగరాలు వ్యాపారాన్ని ఎంచుకున్నాయి, వీళ్లకు ఎంచుకోవడానికి ఇంకోటి లేదు.

810లో ఫ్రాంకుల చక్రవర్తి షార్లమేన్ కొడుకు పెపిన్ ఈ లంకల్ని పట్టుకోవాలని చూసి, ఆ బురదనీళ్లలో చిక్కుకుని వెనక్కి పోయాడు. ఆ తర్వాతే రాజధానిని సముద్రం ఒడ్డునున్న మలమోకో నుంచి సరస్సు నడిమధ్యనున్న రియాల్టోకి మార్చారు. ఇవాళ మనం చూసే వెనిస్ అదే. 828లో ఇద్దరు వ్యాపారులు అలెగ్జాండ్రియా నుంచి సెయింట్ మార్క్ అస్థికల్ని దొంగతనంగా తెచ్చారు. ముస్లిం సుంకం అధికారులు ముట్టుకోకుండా పైన పంది మాంసం కప్పారట. ఆయన పేరున కట్టిన బసిలికా చర్చిలో మొజాయిక్ (రంగు ముక్కలు అతికించి చేసిన బొమ్మ) మీద ఈ దృశ్యం ఉంది. దొంగతనాన్ని ఇంత గర్వంగా గుడిగోడ మీద బొమ్మ వేసుకున్న ఊరు నేనింకొకటి చూళ్లేదు. కానీ దాని వెనక లెక్క ఉంది. అంత పెద్ద సాధువు తమ ఊళ్లో ఉంటే, పోపు మాటా, కాన్‌స్టాంటినోపుల్ నుంచి ఏలే బైజాంటైన్ (తూర్పు రోమన్) చక్రవర్తి మాటా పూర్తిగా వినక్కర్లేదు.

ఎదుగుదల

పదకొండో శతాబ్దం చివర్లో నార్మన్ల మీద యుద్ధంలో నౌకాదళం ఇచ్చి సాయం చేసినందుకు బైజాంటైన్ చక్రవర్తి అలెక్సియోస్ వెనిస్ వ్యాపారులకు తన రాజ్యంలో సుంకాలు ఎత్తేశాడు. సొంత ప్రజలు పన్ను కట్టాలి, వీళ్లు కట్టక్కర్లేదు! అక్కడి నుంచి వెనక్కి తిరిగి చూసుకోలేదు.

అదే ఉపకారికి 1204లో ఏం చేశారో కూడా చెప్పాలి, ఎందుకంటే టూర్లలో గైడ్లు దీన్ని త్వరగా దాటేస్తారు. నాలుగో క్రూసేడ్ (జెరూసలేం కోసం క్రైస్తవుల దండయాత్ర) వాళ్లు 33,500 మందిని ఓడల్లో తీసుకెళ్లడానికి 85,000 వెండి మార్కులకి బేరం కుదుర్చుకున్నారు. వెనిస్ ఏడాదిపాటు మిగతా పనులు మానుకుని ఓడలు కట్టింది. తీరా చూస్తే వచ్చింది అందులో మూడోవంతు మంది, డబ్బు చాల్లేదు. డోజ్ ఎన్రికో దాందోలో అప్పటికే ముసలివాడు, చూపు లేదు. ("డోజ్" అంటే ఆ రిపబ్లిక్ అధినేత. రాజు కాదు, ఎన్నుకున్నవాడు, చనిపోయేదాకా ఉంటాడు.) బాకీ కింద ముందు జారా అనే క్రైస్తవ రేవుని కొట్టించాడు. ఆ తర్వాత కాన్‌స్టాంటినోపుల్ వారసత్వ గొడవలో దూరి, చివరికి ఆ మహానగరాన్నే దోచుకున్నారు. బసిలికా మీద కనిపించే నాలుగు కంచు గుర్రాలు ఆ దోపిడీ సొమ్మే. బయట ఉన్నవి నకళ్లు, అసలైనవి పైన మ్యూజియంలో ఉన్నాయి. టికెట్ తీసుకుని పైకెక్కండి, అమ్మానాన్నలకు మెట్లు కొంచెం నిటారుగా ఉంటాయి, చూసుకోండి.

పాలన గురించి మీరు అడగలేదు గానీ ఒక్కటి చెప్పకుండా ఉండలేను. 1268 నుంచి డోజ్‌ని ఎన్నుకునే పద్ధతి ఇదీ: లాటరీలో 30 మందిని తీస్తారు, వాళ్లలోంచి లాటరీలో 9 మంది. వాళ్లు 40 మందిని ఎన్నుకుంటారు, అందులో లాటరీలో 12. వాళ్లు 25 మందిని ఎన్నుకుంటే లాటరీలో 9. వాళ్లు 45 మందిని, అందులో లాటరీలో 11, వాళ్లు 41 మందిని. ఆ 41 మంది కూర్చుని డోజ్‌ని ఎన్నుకుంటారు. చీటీలు తియ్యడానికి వీధిలో కనిపించిన ఒక పిల్లాణ్ణి తీసుకొచ్చేవాళ్లు. బస్సులో ఇది చెబితే అందరూ పడీపడీ నవ్వుతారు. ఒకసారి మాత్రం వెనక సీట్లోంచి ఒక రిటైర్డ్ తహసీల్దార్ గారు "ఎవర్ని కొనాలో తెలీదు కదండీ, అందుకే" అన్నారు. అంతకంటే బాగా ఏ పుస్తకంలోనూ చదవలేదు. గెలిచాక కూడా డోజ్ విదేశాల నుంచి వచ్చిన ఉత్తరం ఒంటరిగా విప్పకూడదు. 1355లో మరీన్ ఫాలియెర్ అనే డోజ్ తానే రాజు కావాలని కుట్ర పన్నితే తల తీసేశారు. డోజ్ ప్యాలెస్ పెద్ద హాల్లో డోజ్‌ల బొమ్మల వరసలో ఆయన స్థానంలో నల్లగుడ్డ బొమ్మ ఉంటుంది. పైకి తలెత్తి వెతకండి.

ఇందులో చీకటి కోణం కూడా ఉంది. మొదట్లో పేదవాడు కూడా "కొల్లెగాంత్సా" అనే ఒప్పందంతో పైకొచ్చేవాడు. డబ్బున్నవాడు పెట్టుబడి పెడతాడు, కుర్రాడు ఓడెక్కి ప్రాణాలొడ్డి సరుకు అమ్ముకొస్తాడు, లాభంలో మామూలుగా నాలుగో వంతు కుర్రాడిది. రెండు మూడు ప్రయాణాలకి వాడూ షావుకారే. 1297లో మహాసభ సభ్యత్వాన్ని కొన్ని కుటుంబాలకే పరిమితం చేసి తలుపులు మూసేశారు. కొత్తవాళ్లు రాకుండా గొళ్లెం పెట్టుకున్న ఆ రోజే వెనిస్ పతనానికి విత్తనం పడిందని వాదించే చరిత్రకారులున్నారు. నాకు పూర్తిగా నమ్మకం కుదరదు, ఎందుకంటే ఆ తర్వాత రెండొందల ఏళ్లే దాని స్వర్ణయుగం. కానీ మీ పరీక్షల కోసమైతే ఈ వాదన తెలిసి ఉండటం మంచిది.

మన మోటుపల్లికి వచ్చిన వెనిస్ మనిషి

మార్కో పోలో 1271లో వెనిస్‌లో బయల్దేరి 1295లో తిరిగొచ్చాడు. ఆ తర్వాత జెనోవా వాళ్లతో యుద్ధంలో పట్టుబడి, జైల్లో తోటి ఖైదీ రుస్తికెల్లోకి తన ప్రయాణాలు చెప్పి రాయించాడు. అందులో "ముత్ఫిలి" అనే రాజ్యం వస్తుంది. భర్త పోయాక రాణి న్యాయంగా పాలిస్తోందని, అక్కడ వజ్రాలు దొరుకుతాయని, సాలెగూడంత పల్చటి బట్ట నేస్తారని రాశాడు. ముత్ఫిలి అంటే మన మోటుపల్లి, రాణి అంటే రుద్రమదేవి అని చరిత్రకారులు గుర్తించారు. లోయలోకి మాంసం ముక్కలు విసిరితే గద్దలు వజ్రాలతో సహా ఎత్తుకొస్తాయన్న కథ మాత్రం ఆ రోజుల్లో అరబ్బులూ చెప్పుకున్నదే, దాన్ని అలాగే వదిలేయండి. అదే మోటుపల్లిలో 1244లో గణపతిదేవుడు వేయించిన అభయశాసనం ఉంది. తుఫానుకి కొట్టుకొచ్చిన ఓడ సరుకు రాజు లాక్కోడు, సుంకం మాత్రమే తీసుకుంటాడు అని విదేశీ వర్తకులకు హామీ. అంటే వెనిస్ వ్యాపారికి ఏం కావాలో కాకతీయులకు బాగానే తెలుసు.

మా గ్రూపులో తెలుగు మాస్టార్లు ఉంటే తప్పకుండా అడిగేది ఇంకొకటి: తెలుగుని "ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్" అన్నది వెనిస్ యాత్రికుడు నికోలో కోంతీయే కదా అని. కోంతీ వెనిస్ పక్కనే ఉన్న కియోజావాడు. 1420 ప్రాంతంలో విజయనగరం చూశాడు. ప్రయాణంలో మతం మార్చుకోవాల్సి వచ్చినందుకు ప్రాయశ్చిత్తంగా, తాను చూసిందంతా పోపు కార్యదర్శి పోజ్జోకి చెప్పి రాయించాడు. ఆ కథనం అనువాదంలో చదివాను. ఈ మాట నాకెక్కడా కనిపించలేదు. అందుకే నేను బస్సులో చెప్పడం మానేశాను.

ఇంకో లింకు కూడా ఉంది, ఇది కొంచెం బాధాకరం. కొల్లూరు గనిలో దొరికిందని చెప్పే "గ్రేట్ మొఘల్" వజ్రాన్ని సానపట్టడానికి హోర్తెన్సియో బోర్జో అనే వెనిస్ పనివాడికి ఇచ్చారు. పగలగొట్టి ముక్కలు చెయ్యకుండా అరగదీస్తూ పోయాడు, చాలా బరువు తరిగిపోయింది. కూలీ ఇవ్వకపోగా మొఘల్ చక్రవర్తి అతనికి పదివేల రూపాయలు జరిమానా వేశాడని ఆ వజ్రాన్ని కళ్లారా చూసిన ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియే రాశాడు.

నీళ్ల మధ్యలో తాగే నీళ్లు

ఒకసారి తెనాలి నుంచి వచ్చిన పెద్దావిడ ఉంది. చర్చిలు చూడమంటే "కాళ్లు నొప్పులు నాయనా" అని బయటే కూర్చునేది. సాయంత్రం నన్ను పిలిచి "అన్నీ చెప్పావు గానీ, ఇంతమంది మంచినీళ్లు ఎక్కడ తాగేవాళ్లు?" అంది. అప్పటిదాకా నన్నెవరూ అడగని ప్రశ్న. నాకూ తట్టనిది.

ఆవిడ కూర్చున్నది బావి గట్టు మీదే. వెనిస్‌లో ప్రతి చిన్న మైదానం మధ్యలో చెక్కిన రాతి ఒర ఒకటి కనిపిస్తుంది. కింద ఊట లేదు. నాలుగైదు మీటర్లు తవ్వి, ఉప్పునీరు రాకుండా చుట్టూ బంకమట్టి మెత్తి, లోపల ఇసక నింపి, మధ్యలో ఇటుక గొట్టం లేపుతారు. వానపడితే మైదానంలో రాళ్ల మధ్య పెట్టిన కన్నాల్లోంచి నీరు ఇసకలోకి దిగి, వడకట్టుకుని గొట్టంలోకి చేరుతుంది. 19వ శతాబ్దం మధ్యలో లెక్కపెడితే ఇలాంటివి ఆరు వేలకు పైగా ఉన్నాయి. వాన చాలకపోతే బ్రెంటా నది నీళ్లు పడవల్లో తెచ్చి పోసేవాళ్లు. పైపు నీళ్లు వచ్చింది 1884లో. మైదానం అంతా ఒక పెద్ద ఫిల్టర్ అన్నమాట. ఇప్పుడు నా గ్రూపుకి చర్చి కంటే ముందు బావి చూపిస్తాను.

పునాదుల గురించీ ఇక్కడే చెప్పేస్తాను. బురదలో చెక్క దుంగల్ని ఒకదాని పక్కన ఒకటి దగ్గరగా దిగ్గొట్టి, పైన పలకలు, ఆ పైన ఇస్ట్రియా నుంచి తెచ్చిన నీరు పీల్చని రాయి వేసి కట్టారు. సలూతే చర్చి ఒక్కదాని కింద పది లక్షలకు పైగా దుంగలున్నాయని చెబుతారు. అవి రాయిగా మారిపోయాయన్నది అబద్ధం. బురదలో గాలి తగలదు కాబట్టి కుళ్లడం చాలా చాలా నెమ్మదిగా జరుగుతుంది, అంతే.

మీకు వింతగా అనిపించొచ్చు గానీ, వెనిస్ ప్రభుత్వం వందల ఏళ్లపాటు భయపడింది సముద్రం ముంచేస్తుందని మాత్రమే కాదు, నదులు పూడ్చేస్తాయని. బ్రెంటా, పియావే లాంటి నదులు ఒండ్రు తెచ్చి సరస్సులో పోస్తుంటే, నీరు నేలైపోతే శత్రువు గుర్రమెక్కి వచ్చేస్తాడు, ఓడలు రావు, దోమలు చేరతాయి. ఒకప్పుడు వెనిస్ కంటే పెద్దదైన తొర్చెల్లో లంక అలాగే చితికిపోయింది. 639లో పునాది వేసిన దాని కెథెడ్రల్ ఇప్పుడు పొలాల మధ్య ఉంది, చుట్టూ పిడికెడు మంది ఉంటారు. అందుకే 1501లో నీళ్ల కోసమే ప్రత్యేక అధికారుల వ్యవస్థ పెట్టి, ఒక్కో నదినీ పెద్ద కాలవలు తవ్వి సరస్సు బయటికి మళ్లించారు. గమనించండి, గామా తర్వాత "దివాలా తీసిన" కాలంలోనే ఇదంతా జరిగింది.

ఇక గామా సంగతి

1501లో పోర్చుగీసు ఓడలు మసాలా సరుకుతో లిస్బన్ చేరాయని తెలిసి వెనిస్‌లో నిజంగానే గగ్గోలు పుట్టింది. జిరోలమో ప్రియూలి అనే బ్యాంకరు తన డైరీలో, ఇంతకంటే చెడ్డ వార్త ఈ రిపబ్లిక్ వినలేదని రాసుకున్నాడు. పాఠ్యపుస్తకాలు ఎత్తుకున్నది ఆ టెన్షన్‌నే. 1504లో సూయెజ్ దగ్గర కాలవ తవ్వమని ఈజిప్టు సుల్తాన్‌ని అడుగుదామా అని కూడా పెద్దల సభలో ఆలోచించారు.

కానీ పోర్చుగీసువాళ్లు ఎర్రసముద్రాన్ని మూయలేకపోయారు. 1513లో ఏడెన్ మీద దాడి విఫలమైంది. మన పడమటి తీరం నుంచి గుజరాతీ, అరబ్బు ఓడల్లో మిరియాలు పాత దారిలోనే అలెగ్జాండ్రియాకి పోతూనే ఉన్నాయి. ఆఫ్రికా చుట్టూ నెలల తరబడి తిరిగొచ్చిన సరుకు చెమ్మకి వాసన పోయిందని యూరప్‌లో కొనేవాళ్లు గొణిగేవాళ్లు. 1580ల్లో లిస్బన్ మిరియాల గుత్త మీరే తీసుకోండి అని, అప్పటికి పోర్చుగల్‌ని కూడా ఏలుతున్న స్పెయిన్ రాజు రెండో ఫిలిప్ వెనిస్‌ని అడిగితే, వెనిస్ వద్దంది! పని అయిపోయినవాడు అలా అనగలడా?

ఈలోపు వెనిస్ సరుకు మార్చేసింది కూడా. ఉన్ని బట్ట నేత వందేళ్లలో పెరిగి 1602కి ఏడాదికి సుమారు 28 వేల తానులకు చేరింది. యూరప్‌లో పుస్తకాల అచ్చుకి అదే రాజధాని. ఆల్డస్ మనూషియస్ జేబులో పట్టే పుస్తకం, ఇటాలిక్ అక్షరం అక్కడే తెచ్చాడు. మురానో గాజు, అద్దాలు, పట్టు, సబ్బు. ఉప్పు అమ్మినవాళ్లకు ఏదైనా అమ్మడం వచ్చు.

1453 గురించి కూడా ఒక ముక్క. కాన్‌స్టాంటినోపుల్ పడిన ఏడాది తిరక్కుండానే, 1454లో వెనిస్ సుల్తాన్‌తో ఒప్పందం చేసుకుని దుకాణం తెరిచింది. "దారి మూసుకుపోయింది" అన్నది సగం నిజం. దారి ఉంది, సుంకం పెరిగింది, మధ్యమధ్యలో యుద్ధాలు వచ్చాయి.

మరి ఎవరు కొట్టారు?

ప్లేగు. 1575–77లో దాదాపు 50 వేల మంది, అంటే ఊళ్లో నాలుగో వంతు పైన. కోలుకునేలోపు 1630–31లో మళ్లీ 46 వేలు, అంటే మూడో వంతు. చిత్రకారుడు టిషన్ 1576లో ఆ ప్లేగు రోజుల్లోనే పోయాడు. రెదెంతోరే చర్చి మొదటి ప్లేగు మొక్కు, సలూతే రెండోదాని మొక్కు. మీరు అడిగిన "1500 తర్వాత కట్టినవి" చాలావరకు ఇలా సంపద వల్లా, మొక్కుల వల్లా వచ్చినవి. (బసిలికా, డోజ్ ప్యాలెస్ మాత్రం పాతవే.) చోద్యమేంటంటే, అంటురోగాల్ని ఆపడం ప్రపంచానికి నేర్పిన ఊళ్లలో ఇదొకటి. 1423లోనే ఒక లంక మీద రోగుల కోసం శాశ్వత ఆసుపత్రి పెట్టారు. కోవిడ్‌లో మనందరికీ నోట నానిన "క్వారంటైన్" మాట, ఓడని నలభై రోజులు ఆపడం నుంచి వచ్చింది. క్వరాంత అంటే నలభై.

డచ్చివాళ్లు పోర్చుగీసుల్లా కాదు. 1602లో కంపెనీ పెట్టి, సరుకు పుట్టే చోటే మాటు వేశారు. 1605కే మన మచిలీపట్నంలో వాళ్ల ఫ్యాక్టరీ (అంటే వర్తక స్థావరం) ఉంది. మసాలా దీవుల్లో చెట్టు దగ్గరే కొనేశాక, అలెగ్జాండ్రియాకి వచ్చేదేముంటుంది? 1620ల నాటికి వెనిస్ సుంకం లెక్కల్లో మసాలా దినుసులు పడమటి నుంచి వచ్చే సరుకుగా మారిపోయాయి. ఒకప్పుడు యూరప్ అంతటికీ అమ్మినవాళ్లు, ఇప్పుడు డచ్చివాళ్ల దగ్గర కొంటున్నారు. నా లెక్కలో వెనిస్‌కి 1498 ఇదీ.

ఇంగ్లీషువాళ్లు ఇంకో పక్క మధ్యధరాలోకే ఓడలేసుకొచ్చి, వెనిస్ బట్టలాంటిదే తక్కువ ధరకి, వెనిస్ ముద్రలు కూడా దొంగగా వేసి తురుష్కులకి అమ్మారు. వెనిస్ కుల వృత్తి సంఘాల్లాంటి శ్రేణులు నాణ్యత తగ్గించడానికి ఒప్పుకోలేదు, కూలి తగ్గలేదు. 28 వేల తానులు 1700కి రెండు వేలకి పడ్డాయి.

దీనికి తోడు క్రీట్ లంక కోసం తురుష్కులతో యుద్ధం, 1645 నుంచి 1669 వరకు. కాండియా కోట ముట్టడి ఒక్కటే 21 ఏళ్లు నడిచింది. డబ్బు చాలక లక్ష డుకాట్లు (వెనిస్ నాణేలు) ఇచ్చినవాడికి ప్రభు వంశపు హోదా అమ్మారు. 1297లో వేసిన గొళ్లెం అలా ఊడింది. అప్పటికి లోపలికొచ్చిన వాళ్లకు దక్కింది హోదా మాత్రమే. సైప్రస్ 1570ల్లోనే పోయింది, ఇప్పుడు క్రీట్.

పద్దెనిమిదో శతాబ్దం గురించి పెద్దగా చెప్పను. కార్నివాల్, ముసుగులు, జూదశాలలు, వివాల్డి సంగీతం. యూరప్ కుర్రాళ్లు జల్సాకి వచ్చే ఊరైంది. అంటే మన టూరిజం అప్పుడే మొదలైంది. 1797లో నెపోలియన్, నేను వెనిస్‌కి అట్టిలానవుతాను అని బెదిరించాడు. అట్టిలా భయంతో పుట్టామని చెప్పుకునే ఊరికి! మే 12న మహాసభ కూడింది. కోరం 600, వచ్చింది 537 మంది. 512 మంది రిపబ్లిక్‌ని రద్దు చెయ్యడానికి ఓటేశారు. ఆఖరి డోజ్ లుదోవికో మానిన్ తన టోపీ కింద పెట్టుకునే నారగుడ్డ కుళ్లాయి తీసి నౌకరు చేతికిచ్చి, ఇక దీంతో పనిలేదు అన్నాడట. ఆ ఏడాదే ఫ్రెంచివాళ్లు దాన్ని ఆస్ట్రియాకి ఇచ్చేశారు. 1846లో రైలు వంతెన వచ్చి, ఊరు మొదటిసారి నేలకి అతుక్కుంది. 1848–49లో దానియేలే మానిన్ నాయకత్వంలో తిరగబడి పదిహేడు నెలలు స్వతంత్రంగా ఉన్నారు, ఆకలి, కలరాతో లొంగారు. 1866లో ఇటలీలో కలిసింది.

ఇప్పటి సంగతి, మీ ప్రయాణం

1966 నవంబర్ 4న నీళ్లు 194 సెంటీమీటర్ల ఎత్తుకి వచ్చాయి. ఎదురుగా నేల మీదున్న మార్గెరా రేవు పరిశ్రమలు భూగర్భజలం తోడెయ్యడంతో ఊరు కొంత కుంగింది కూడా, 1970ల్లో దాన్ని ఆపించారు. ఒక నవంబర్‌లో 38 మంది గ్రూపుతో నేనూ ఇరుక్కున్నాను. మోకాలి లోతు నీళ్లు, పైన చెక్క బల్లల మీద క్యూ, చీర తడుస్తుందని ఒకావిడ, పాస్‌పోర్టు తడుస్తుందని ఇంకొకాయన. ఆ రోజు ప్యాలెస్ చూడనేలేదు. డబ్బులు వాపసు ఇమ్మని నా ప్రాణం తీశారు. 2020 అక్టోబర్ నుంచి సముద్రపు మొగల దగ్గర 78 ఇనుప గేట్లు లేపి ఆపుతున్నారు. కానీ మామూలుగా 110 సెంటీమీటర్లు దాటుతుందనుకుంటేనే లేపుతారు. సెయింట్ మార్క్ స్క్వేర్ అంతకంటే తక్కువకే తడుస్తుంది. మేలో మీకు ఆ బెడద పెద్దగా ఉండదు.

ఎంట్రీ ఫీజు 2024 నుంచి మొదలైంది, వసంతం, వేసవిలో కొన్ని తేదీల్లో పగటిపూట వచ్చి వెళ్లేవాళ్లకి. రాత్రి బస చేసేవాళ్లకి లేదు, వంతెన అవతల నేల మీదున్న మెస్త్రేలో దిగినా లేదు, కానీ ముందే నమోదు చేసుకోవాలి. మీ తేదీలు సైట్‌లో చూసుకోండి. వీలైతే ఒక్క రాత్రయినా లంక మీదే ఉండండి. సాయంత్రం ఆరు దాటి డే-ట్రిప్ జనం పోయాక అసలు ఊరు కనిపిస్తుంది.

మే కాబట్టి "సెన్సా" పండగ తేదీ కూడా చూడండి, ఈస్టర్‌ని బట్టి మారుతుంది. ఒకప్పుడు డోజ్ బంగారు పడవలో వెళ్లి సముద్రంలో ఉంగరం వేసి, నిన్ను పెళ్లాడుతున్నాను అనేవాడు. ఆ పడవని బంగారం కోసం నెపోలియన్ మనుషులు తగలబెట్టారు. ఇప్పుడు మేయరు వేరే పడవలో వెళ్లి వేస్తాడు.

రియాల్టో వంతెన దిగి సాన్ బర్తొలొమేయో మైదానంలోకి రండి. అక్కడ ఒక మందుల షాపు కిటికీలో ఎర్రటి అంకెల బోర్డు ఉంటుంది. పాత వెనిస్‌లో ఇంకా కాపురముంటున్న వాళ్ల సంఖ్య అది. 1951లో దాదాపు లక్షా డెబ్భై అయిదు వేలు, అంటే 1575 ప్లేగుకి ముందున్నంత. 2022లో 50 వేలకంటే కిందికి దిగింది. ఇప్పుడు టూరిస్టుల మంచాలు అంతకంటే ఎక్కువున్నాయి. అక్కణ్ణుంచి అయిదు నిమిషాలు నడిస్తే "కోర్తె దెల్ మిలియోన్" అని చిన్న వాకిలి వస్తుంది, మార్కో పోలో ఇల్లు ఉన్న చోటు. బావి ఒర ఉంది. అమ్మగార్ని దాని పక్కన కూర్చోబెట్టి మోటుపల్లి కథ చెప్పండి. వెళ్లొచ్చాక ఆ బోర్డు మీద ఎంత చూశారో ఇక్కడ రాయండి, నేను రాసిపెట్టుకుంటున్నాను.